కారు బీమా: ధర కంటే ముందు పోల్చాల్సినవి

అవగాహన

కారు నంబరు టైపు చేయగానే పది పన్నెండు కంపెనీల ప్రీమియాలు తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా తెరమీదకు వస్తాయి. చూసేవారి కన్ను మొదటి వరుసమీదే ఆగుతుంది. నిజానికి ఆ వరుసల్లో ఉన్నవి ఒకే సరుకుకు పది ధరలు కావు, పది వేర్వేరు ఒప్పందాలు. పోలిక సైట్లను సరిగా వాడుకోవాలంటే ముందు ఆ ఒప్పందంలో ఏ భాగం ఎక్కడైనా ఒకటేనో, ఏ భాగం మారుతుందో తెలియాలి. బ్యాంకు, బీమా నియామక పరీక్షలకు, గ్రూప్స్‌కు చదివేవారికి ఇది నేరుగా సిలబస్‌లోని అంశం. కారు ఉన్న ఇంట్లో ఏటా ఎదురయ్యే అవసరం కూడా.

చట్టం కోరేది ఏది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా బహిరంగ ప్రదేశంలో వాహనం నడపకూడదు. నడిపితే 196వ సెక్షన్ కింద తొలిసారి మూడు నెలల వరకు జైలు లేదా రూ.2,000 జరిమానా లేదా రెండూ ఉంటాయి. మళ్లీ దొరికితే జరిమానా రూ.4,000 అవుతుంది. ఈ జరిమానాలు 2019 సవరణతో వచ్చాయి.

ఇక్కడ మొదటి పార్టీ కారు యజమాని, రెండో పార్టీ బీమా కంపెనీ, మూడో పార్టీ మన కారు వల్ల నష్టపోయిన బయటి వ్యక్తి. ఆ మూడో వ్యక్తి దిక్కులేనివాడు కాకూడదన్నదే చట్టం ఉద్దేశం. మరణం, గాయాల విషయంలో కంపెనీ బాధ్యతకు పరిమితి లేదు, ట్రైబ్యునల్ ఎంత నిర్ణయిస్తే అంత చెల్లించాలి. ఎదుటివారి ఆస్తికి జరిగే నష్టానికి మాత్రం కార్ల విషయంలో రూ.7.5 లక్షల పరిమితి ఉంది.

మన కారుకు జరిగే నష్టాన్ని భరించే భాగం ఓన్ డ్యామేజ్. ఇది తప్పనిసరి కాదు. ఈ రెండూ కలిసిన పాలసీనే వాడుకలో కాంప్రెహెన్సివ్ లేదా ప్యాకేజీ పాలసీ అంటున్నాం. వీటికి తోడు యజమానే నడిపే వాహనానికి రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉండాలి. 2019 జనవరి నుంచి దీన్ని విడిగా కూడా తీసుకోవచ్చు. ఇప్పటికే మరో వాహనంపై ఈ రక్షణ ఉన్నవారు సైటులో ఆ గడిని గమనించకపోతే రెండోసారి చెల్లించేస్తారు.

ఎక్కడ చూసినా ఒకే ధర

థర్డ్ పార్టీ ప్రీమియంపై బేరం లేదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐని సంప్రదించి కేంద్ర ప్రభుత్వమే దీన్ని నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం సొంత కారుకు ఏడాదికి 1000 సీసీ వరకు రూ.2,094, 1000 నుంచి 1500 సీసీ వరకు రూ.3,416, ఆపైన రూ.7,897. విద్యుత్ కార్లకు ఇంజిన్ పరిమాణం బదులు మోటారు సామర్థ్యాన్ని చూస్తారు: 30 కిలోవాట్ల వరకు రూ.1,780, 65 వరకు రూ.2,904, దాటితే రూ.6,712. మొత్తంమీద 18 శాతం జీఎస్టీ అదనం.

కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా, కొత్త ద్విచక్ర వాహనానికి అయిదేళ్లది ఒకేసారి తీసుకోవాలి. రోడ్డు భద్రతపై ఎస్.రాజశేఖరన్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది. అందుకే కారు కొన్న రెండో ఏడు, మూడో ఏడు ఓన్ డ్యామేజ్ ఒక్కటే తీసుకుంటే చాలు. దాన్ని విడిగా అమ్మడం 2019 సెప్టెంబరులో మొదలైంది. సైటులో 'కాంప్రెహెన్సివ్' అన్న గడిని అలవాటుగా నొక్కేముందు పాత పాలసీలో థర్డ్ పార్టీ ఎప్పటివరకు ఉందో చూసుకోవాలి.

అంటే రెండు కంపెనీల ధరల్లో రూ.3,000 తేడా కనిపిస్తే అదంతా ఓన్ డ్యామేజ్, అనుబంధ రక్షణలు, వ్యక్తిగత ప్రమాద బీమా ఈ మూడింటిలోనే ఎక్కడో ఉంది. ఈ ఒక్క విషయం పట్టుబడితే పోలిక సగం తేలిపోయినట్లే.

తేడా పుట్టే చోటు

ఓన్ డ్యామేజ్ ప్రీమియంపై నియంత్రణ 2007 జనవరి 1న తొలగింది. ఎవరి లెక్క వారిది. కారు మోడల్, వయసు, ఇంధనం, గత క్లెయిములు, ఆ మోడల్ విడిభాగాల ఖరీదు వంటివన్నీ చూసి కంపెనీ ధర కడుతుంది. పాత టారిఫ్ కాలంలో దేశాన్ని రెండు జోన్లుగా విభజించారు. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, ముంబయి, పుణె, అహ్మదాబాద్, కోల్‌కతా, న్యూదిల్లీ జోన్ ఏ, మిగతా దేశం జోన్ బీ. ఆ లెక్కన హైదరాబాద్‌లో రిజిస్టరైన కారు ఏ కిందకు, విజయవాడలోనో వరంగల్‌లోనో రిజిస్టరైనది బీ కిందకు వస్తుంది. స్నేహితుడి కారుకు తక్కువ పడింది, నాకెందుకు పడలేదని అడిగేవారికి జవాబు ఒక్కోసారి ఇక్కడే దొరుకుతుంది.

ఐడీవీ: ముందు చూడాల్సిన అంకె

ఐడీవీ అంటే బీమా చేసిన ప్రకటిత విలువ. కారు దొంగతనానికి గురైనా, బాగుచేయలేనంతగా దెబ్బతిన్నా కంపెనీ చెల్లించే మొత్తానికి ఇదే ఆధారం. తయారీదారు ప్రస్తుత అమ్మకం ధర నుంచి వయసును బట్టి తరుగుదల తీసేసి దీన్ని లెక్కిస్తారు. ఆరు నెలల లోపు కారుకు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, అయిదేళ్ల లోపు 50 శాతం తరుగు. అయిదేళ్లు దాటితే యజమాని, కంపెనీ అంగీకారానికి వచ్చే విలువ.

సైట్లలో ఐడీవీని కొంత పెంచుకోవడానికి, తగ్గించుకోవడానికి వీలుంటుంది. తగ్గిస్తే ప్రీమియం తగ్గి జాబితాలో ఆ కొటేషన్ పైకి వస్తుంది. ఆకర్షణంతా అక్కడే, ప్రమాదం కూడా అక్కడే. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే కారును పూర్తి నష్టంగా లెక్కిస్తారు. ఐడీవీని బాగా తగ్గించుకున్నవారి కారు ఓ మోస్తరు ప్రమాదానికే ఆ గీత దాటవచ్చు. అప్పుడు చేతికొచ్చే డబ్బుతో అలాంటి కారే మళ్లీ కొనడం కష్టం. అలాగని విపరీతంగా పెంచుకున్నా లాభం లేదు, ప్రీమియం వృథా. అన్ని కంపెనీలకూ ఒకే ఐడీవీ పెట్టి అప్పుడు ధరలు చూడటమే పద్ధతి.

రెండు కొటేషన్లు, ఒక బంపర్

ఇదొక ఊహాత్మక లెక్క. నాలుగేళ్లు నిండని, 1197 సీసీ పెట్రోలు కారు అనుకుందాం. వ్యక్తిగత ప్రమాద బీమాను పక్కన పెడదాం.

మొదటి కొటేషన్‌లో ఐడీవీ రూ.4,00,000. ఓన్ డ్యామేజ్ రూ.3,900, థర్డ్ పార్టీ రూ.3,416 కలిపి రూ.7,316. జీఎస్టీతో రూ.8,633. ఇందులో జీరో డిప్రిసియేషన్, అంటే విడిభాగాలపై తరుగు కోయకుండా చూసే అనుబంధ రక్షణ, లేదు. పైగా ధర తగ్గడం కోసం రూ.5,000 స్వచ్ఛంద డిడక్టిబుల్ పెట్టి ఉంది, అంటే ప్రతి క్లెయిములో తొలి రూ.5,000 యజమానే భరించాలి.

రెండో కొటేషన్‌లో ఐడీవీ రూ.4,80,000. ఓన్ డ్యామేజ్ రూ.4,700, జీరో డిప్రిసియేషన్ రూ.1,800, థర్డ్ పార్టీ అదే రూ.3,416. మొత్తం రూ.9,916, జీఎస్టీతో రూ.11,701. స్వచ్ఛంద డిడక్టిబుల్ లేదు.

తేడా రూ.3,068. జాబితాలో మొదటిదే పైన ఉంటుంది.

ఇప్పుడు వెనక బంపర్ పగిలింది, కొత్తది రూ.12,000. ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలు, టైర్లు, బ్యాటరీలపై తరుగుదల 50 శాతం, కారు వయసుతో సంబంధం లేదు. కాబట్టి మొదటి పాలసీలో బంపర్ విలువ రూ.6,000కు దిగుతుంది. అందులోంచి 1500 సీసీ లోపు కార్లకు అందరికీ వర్తించే తప్పనిసరి డిడక్టిబుల్ రూ.1,000 పోతుంది. మనమే ఎంచుకున్న రూ.5,000 కూడా పోతుంది. మిగిలేది సున్నా. రెండో పాలసీలో తరుగు కోయరు, రూ.1,000 మాత్రమే తీసేసి రూ.11,000 ఇస్తారు. కూలి, రంగు ఖర్చులు కలిస్తే అంకెలు మారతాయి గానీ దిశ మారదు. కారే పోతే తేడా ఏకంగా రూ.80,000.

అయితే రెండోదే అందరికీ మేలని చెప్పలేం. పాతబడిన కారుకు జీరో డిప్రిసియేషన్ ఇవ్వడానికి చాలా కంపెనీలు ఇష్టపడవు. కారు చాలా తక్కువగా తీసేవారికి, చిన్న గీతల ఖర్చు సొంతంగా పెట్టుకోగలిగినవారికి డిడక్టిబుల్ ఎంచుకోవడం తెలివైన పనే. లోహ భాగాల తరుగు వయసుతో పెరుగుతుందనీ, గాజుకు తరుగే లేదనీ గుర్తుంచుకుంటే ఎవరి కారుకు ఏది సరిపోతుందో వారే తేల్చుకోవచ్చు.

వరద నీళ్లలో నిలిచిన కారు

2024 సెప్టెంబరు తొలి వారంలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో కార్లు, బైకులు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లోనూ అదే పరిస్థితి. థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్నవారికి ఇలాంటప్పుడు తమ వాహనంపై పైసా రాదు.

ఓన్ డ్యామేజ్ ఉంటే వరద, తుపాను నష్టాలు అందులో భాగమే. చిక్కల్లా ఇంజిన్ దగ్గర. నీళ్లు చేరిన ఇంజిన్‌ను స్టార్ట్ చేయబోతే లోపలి భాగాలు వంగి విరుగుతాయి. ఆ నష్టం వరదవల్ల నేరుగా జరిగింది కాదని, తర్వాత చేసిన పనివల్ల జరిగిందని కంపెనీలు క్లెయిమును కాదంటాయి. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అనుబంధ రక్షణ పుట్టింది దీనికోసమే. కాలువ పక్కన, సెల్లార్‌లో కారు నిలిపేవారికి ఇది నిజమైన అవసరం, మెట్టమీద ఉన్నవారికి అంతగా కాదు. రక్షణ ఉన్నా లేకున్నా మునిగిన కారు తాళం తిప్పకూడదు. ఫొటోలు తీసి కంపెనీకి చెప్పి, లాగించుకుని గ్యారేజీకి చేర్చాలి.

'రిటర్న్ టు ఇన్‌వాయిస్' కొత్త కార్లకు పనికొస్తుంది. కారు పూర్తిగా పోతే ఐడీవీకి, కొన్న ధరకు మధ్య తేడాను ఇది భర్తీ చేస్తుంది. ఆయిల్, నట్లు, బోల్టుల ఖర్చుకు కన్‌స్యూమబుల్స్, దారిలో ఆగితే సాయానికి రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉన్నాయి. కార్ల కంపెనీ ఇప్పటికే రోడ్‌సైడ్ సాయం ఇస్తుంటే మళ్లీ కొనక్కర్లేదు. నడిపిన దూరాన్ని బట్టి ప్రీమియం ఉండే రక్షణలకు 2022 జులైలో ఐఆర్‌డీఏఐ అనుమతించింది.

ఎన్‌సీబీ: కారుది కాదు, యజమానిది

ఎన్‌సీబీ అంటే నో క్లెయిమ్ బోనస్, క్లెయిము చేయనివారికి ఇచ్చే రాయితీ: క్లెయిము లేని ఒక ఏడాదికి 20 శాతం, తర్వాత వరుసగా 25, 35, 45, అయిదేళ్లకు 50 శాతం. ఈ రాయితీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీదే, థర్డ్ పార్టీ మీద కాదు. ఒక్క క్లెయిముతో సాధారణంగా మళ్లీ సున్నాకు వస్తుంది. కాబట్టి చిన్న మరమ్మతుకు క్లెయిము చేసేముందు వచ్చే డబ్బును, పోయే రాయితీని పక్కపక్కన పెట్టి చూడాలి. పాలసీ ముగిసి 90 రోజులు దాటితే కూడబెట్టిన బోనస్ మొత్తం పోతుంది. కారు అమ్మితే బోనస్ కొన్నవారికి వెళ్లదు. అమ్మినవారు కంపెనీ నుంచి పత్రం తీసుకుని కొత్త కారుకు వాడుకోవచ్చు.

పోలిక సైట్లు 'గత ఏడాది క్లెయిము చేశారా?' అని అడుగుతాయి. ధర తగ్గుతుందని 'లేదు' నొక్కేవారున్నారు. బీమా ఒప్పందం పరమ విశ్వాస సూత్రంమీద నిలుస్తుంది. అడిగినదానికి నిజం చెప్పడం మన బాధ్యత. కంపెనీలు పాత కంపెనీని వాకబు చేసుకుంటాయి, తప్పు తేలితే రాయితీ వెనక్కి పోవడమే కాదు, అసలు క్లెయిమే ఇరుకున పడుతుంది. సీఎన్‌జీ కిట్ పెట్టించి చెప్పకపోయినా అంతే.

ఆ సైటు ఎవరి తరఫున ఉంది?

ఇది పరీక్షల్లో అడగదగిన ప్రశ్న, కొనేవారు మాత్రం అరుదుగా అడుగుతారు. పోలిక సైట్లన్నీ ఒకే రకం కాదు. కొన్నింటికి వెబ్ అగ్రిగేటర్ రిజిస్ట్రేషన్ ఉంటుంది, వీటికి 2017 నాటి ప్రత్యేక నిబంధనలున్నాయి. కొన్ని బ్రోకర్లు, వీరికి 2018 నిబంధనలు వర్తిస్తాయి. బ్రోకర్ చట్టరీత్యా కొనుగోలుదారు ప్రతినిధి, ఏజెంటు కంపెనీ ప్రతినిధి. 2008లో మొదలైన పాలసీబజార్ తొలుత వెబ్ అగ్రిగేటర్, 2021లో బ్రోకర్ లైసెన్సుకు మారింది. సైటు అడుగున చిన్న అక్షరాల్లో ఉండే రిజిస్ట్రేషన్ వివరాల్లో ఇది తెలుస్తుంది.

వెబ్ అగ్రిగేటర్లు పాలసీలకు ర్యాంకులు, రేటింగులు ఇవ్వకూడదని, 'బెస్ట్ సెల్లర్' అని చూపకూడదని నిబంధన. ఏది మేలో చెప్పే హక్కు అమ్మకంలో వాటా ఉన్నవారికి ఉండరాదన్నది దీని వెనక ఆలోచన, అది న్యాయమైన ఆలోచన. అగ్రిగేటర్‌గా ఉన్న కాలంలో కొన్ని పథకాలను 'టాప్' అని చూపడం సహా పలు ఉల్లంఘనలకు 2025 ఆగస్టులో ఐఆర్‌డీఏఐ పాలసీబజార్‌పై రూ.5 కోట్ల జరిమానా విధించింది.

కొనేవారు సైటుకు రుసుము కట్టరు, కంపెనీలు కమీషన్ ఇస్తాయి. 2023 ఏప్రిల్ నుంచి పాలసీ రకాన్ని బట్టి ఉండే కమీషన్ పరిమితులు పోయి, కంపెనీ మొత్తం నిర్వహణ ఖర్చుకే పరిమితి మిగిలింది. సైటుతో ఒప్పందం లేని కంపెనీ ధర ఆ జాబితాలో ఉండదు. అందుకే రెండు సైట్లు చూసి, నచ్చిన కంపెనీ సొంత వెబ్‌సైటులో అదే ఐడీవీతో ఇంకోసారి సరిచూడటం మంచిది. కమీషన్‌లో వాటా ఇస్తామని ఎవరైనా ఆశపెడితే అది బీమా చట్టం, 1938లోని 41వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం.

ముందే టిక్ పెట్టిన గడులు

వినియోగదారుడిని ఏమార్చే తెర అమరికలను డార్క్ ప్యాటర్న్స్ అంటున్నారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న వీటిపై మార్గదర్శకాలు ఇచ్చి 13 రకాలను పేర్కొంది. అడగని వస్తువును బిల్లులో చేర్చడం, లేని తొందరను సృష్టించడం, ధరను చివరిదాకా కొంచెం కొంచెంగా బయటపెట్టడం వాటిలో ఉన్నాయి. 'వద్దు' అన్నవారిని సిగ్గుపడేలా చేయడం మరొకటి. దానికి మార్గదర్శకాల్లో ఇచ్చిన ఉదాహరణ బీమాదే: విమాన టికెట్‌తో బీమా తీసుకోనివారి ముందు 'నేను రక్షణ లేకుండానే ఉంటాను' అన్న వాక్యాన్ని పెట్టడం.

కారు బీమాలో కూడా డబ్బు కట్టే పేజీకి ముందు ఒకసారి ఆగి టిక్కులు చూడాలి. ఫోన్ నంబరు ఇచ్చాక వచ్చే కాల్స్‌లో తొందర పెడితే ఫోన్ పెట్టేయొచ్చు, గడువుకు రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టినవారికి ఆ ధైర్యం ఉంటుంది. గడువు దాటితే కారు తనిఖీ అడుగుతారు, ఈలోపు ప్రమాదం జరిగితే దిక్కుండదు. ప్రీమియం ముందుగా అందకుండా బీమా బాధ్యత మొదలుకాదని 1938 చట్టంలోని 64వీబీ సెక్షన్ చెబుతోంది.

కొన్నాక పేరు, ఇంజిన్, ఛాసిస్ నంబర్లు, ఐడీవీ, ఎన్‌సీబీ పాలసీలో సరిగా పడ్డాయో చూసుకోవాలి. దగ్గర్లో నగదు రహిత గ్యారేజీ ఉందో లేదో కొనకముందే చూడాలి. చిన్న పట్టణాల్లో ఉన్నవారికి రూ.500 తగ్గింపు కంటే అదే ముఖ్యం.

వివాదం వస్తే

ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. పరిష్కారం దొరక్కపోతే ఐఆర్‌డీఏఐ నిర్వహించే బీమా భరోసా పోర్టల్‌లో నమోదు చేయవచ్చు. ఆపైన ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. హైదరాబాద్ కార్యాలయం పరిధిలోకి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, యానాం వస్తాయి. అంబుడ్స్‌మన్ నిబంధనలు 2017 నాటివి, పరిహార పరిమితిని 2023లో రూ.30 లక్షల నుంచి రూ.50 లక్షలకు పెంచారు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోగా వెళ్లాలి, రుసుము లేదు, న్యాయవాది అక్కర్లేదు. వినియోగదారుల కమిషన్ దారి ఎప్పుడూ ఉంది.

పరీక్షల్లో తడబడే చోట్లు

ఐఆర్‌డీఏ చట్టం 1999 నాటిది. దానికి మూలం మల్హోత్రా కమిటీ 1994లో ఇచ్చిన నివేదిక. ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం ముంబయి అనుకుని తప్పు రాసేవారు ఎక్కువ, అది హైదరాబాద్‌లో ఉంది.

సెక్షన్లను కలిపేసుకోవద్దు. బీమా తప్పనిసరి అన్నది 146, పాలసీలో ఏముండాలో చెప్పేది 147, గుద్ది పారిపోయిన కేసుల్లో పరిహారం 161 (మరణానికి రూ.2 లక్షలు, తీవ్ర గాయానికి రూ.50 వేలు). తప్పెవరిదని తేల్చకుండానే ఇచ్చేది 164, మరణానికి రూ.5 లక్షలు, తీవ్ర గాయానికి రూ.2.5 లక్షలు.

క్లెయిముల పరిష్కార నిష్పత్తి, ఇన్‌కర్డ్ క్లెయిమ్స్ నిష్పత్తి ఒకటి కావు. మొదటిది వచ్చిన క్లెయిముల్లో ఎన్ని తేల్చారన్న లెక్క. రెండోది ఆర్జించిన ప్రీమియంలో ఎంత భాగం క్లెయిములకు పోయిందన్న లెక్క, వంద దాటితే కంపెనీ వసూలు చేసినదానికంటే ఎక్కువ క్లెయిములకు ఖర్చుపెట్టిందని అర్థం. పోలిక సైట్లలో పెద్ద అక్షరాలతో కనిపించే శాతం వీటిలో ఏదో చూశాకే దానికి విలువ ఇవ్వాలి.

బీమా సుగమ్ వర్తమాన అంశాల్లో వస్తుంది. బీమా కొనుగోలు, సేవలు, క్లెయిములు అన్నీ ఒకేచోట జరిగే ఎలక్ట్రానిక్ విపణి ఇది. లాభాపేక్ష లేని కంపెనీ దీన్ని నడపాలని ఐఆర్‌డీఏఐ 2024 నిబంధనలు చెబుతున్నాయి. కమీషన్ మీద బతికే పోలిక సైట్ల పక్కన ఇలాంటి ఉమ్మడి వేదిక వస్తే కొనేవారికి కలిగే మేలేమిటి, మధ్యవర్తుల పాత్ర ఎలా మారుతుంది అన్నది మెయిన్స్ అభ్యర్థులు సొంత మాటల్లో రాసి చూసుకోదగిన ప్రశ్న.